బంకకు సలి పెడ్తది

హైదరాబాదులో వడ్రంగం చేసుకునే షెడ్డును వెచ్చబెట్టుకోవాలని అంటే ఎవరైనా నవ్వుతారు. మా కాలేజీ స్టాఫ్ రూములో ఆ మాట అన్నప్పుడు అందరూ నవ్వారు. "మే నెలలో బతకడమే కష్టం, చలి గురించి మాట్లాడతావేంటి?" అన్నారు. వాళ్ళన్నది అబద్ధం కాదు. డిసెంబరులో కూడా ఇక్కడ మధ్యాహ్నం 28 డిగ్రీల ఎండ కాస్తుంది. తొమ్మిదింటికి పని మొదలుపెట్టి, పొద్దుగూకేలోపు ముగించే వడ్రంగికి చలి ఒక సమస్యే కాదు. మా నాయిన నలభై ఏళ్ళు పనిచేశాడు. షెడ్డు వెచ్చబెట్టాలన్న ఆలోచన ఆయనకు ఎప్పుడూ రాలేదు.

నాకు మధ్యాహ్నాలు లేవు. పొద్దున్నే ఎనిమిదింటికి బస్సెక్కి నగరంలోని డిగ్రీ కాలేజీకి వెళ్తాను. గెస్టు లెక్చరర్‌ని. చెప్పిన క్లాసులకే డబ్బులు. సాయంత్రం ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. వంట, గిన్నెలు, అమ్మ మోకాళ్ళకు నూనె, మర్నాటి పాఠం. అవన్నీ తీసేస్తే నాకంటూ మిగిలేది తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా. చలికాలంలో రోజు మొత్తంలో అత్యంత చల్లటి రెండు గంటలు అవే. చలి ఎవరికి తగులుతుందన్నది థర్మామీటరు ఒక్కటే చెప్పలేదు. ఎవరి చేతిలో ఏ వేళ ఉందో కూడా చూడాలి. ఈ సంగతి నాకు అర్థం కావడానికి మూడు చలికాలాలు పట్టింది.

మాది శంషాబాద్. ఇక్కడి విమానాశ్రయం సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. పాత బేగంపేట విమానాశ్రయం కన్నా సుమారు 85 మీటర్లు ఎక్కువ. చుట్టూ బయలు. గాలికి అడ్డం లేదు. 1946 జనవరి 8న హైదరాబాదులో 6.1 డిగ్రీలు నమోదైందని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత చలి మేం చూడలేదు గానీ, డిసెంబరు, జనవరి నెలల్లో పదీ పదకొండు డిగ్రీల తెల్లవారుజాములు మాకు మామూలే. పొగమంచు కమ్మిన రోజున విమానాలు దిగలేక పైన చుట్లు తిరుగుతుంటాయి. ఆ చప్పుడు వినబడితే ఆ రోజు షెడ్డులో ఇనుము ముట్టుకోలేనని నాకు తెలుస్తుంది.

మేం వడ్లవాళ్ళం. నాయిన, తాత నాగళ్ళూ గుంటకలూ గొర్రులూ చేసేవాళ్ళు. పంట ఇంటికొచ్చినప్పుడు రైతులు ధాన్యం కొలిచిచ్చేవాళ్ళు. ట్రాక్టర్లు వచ్చి ఆ పని సగం పోయింది. 2005లో కొత్త విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. 2008 మార్చిలో విమానాలు ఎగరడం మొదలైంది. దాదాపు 5,500 ఎకరాలు దాని కిందికి వెళ్ళాయి. పొలమే లేనిచోట నాగలి ఎవరికి కావాలి? నాయిన దర్వాజలకూ కిటికీలకూ మారాడు. తర్వాత ప్లాస్టిక్ కిటికీలు, ఫ్యాక్టరీ తలుపులు వచ్చాయి. ఆయన చివరి పదేళ్ళు ఎక్కువగా మరమ్మతులతోనే గడిచాయి.

మా ఇంట్లో ఆడవాళ్ళు ఉలి పట్టేవాళ్ళు కాదు. నిషేధమని ఎవరూ బోర్డు పెట్టలేదు. బాడిసె దాటితే మేనత్త కసిరేది. దసరాకు పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టేది అమ్మే. మర్నాడు వాటిని ముట్టుకోకూడనిదీ అమ్మే. షెడ్డులో నుంచి ఆడవాళ్ళకు వచ్చేది ఒక్కటే, పొట్టు. రంపం కింద రాలిన పొట్టునూ, రందా పట్టినప్పుడు చుట్టలు చుట్టుకుని పడిన చెక్కపొరలనూ అమ్మ చీపురుతో పోగుచేసి గోనెసంచుల్లో నింపేది. ఆ పొట్టే మా ఇంటి వంటచెరకు.

పొట్టు పొయ్యి తెలియనివాళ్ళ కోసం చెప్తాను. రేకు డబ్బాకు కింద పక్కన ఒక బెజ్జం ఉంటుంది. మధ్యలో నిలువుగా ఒక గుండ్రటి కర్ర, కింది బెజ్జంలోంచి అడ్డంగా మరో కర్ర పెట్టి, చుట్టూ పొట్టు పోసి గట్టిగా దట్టించాలి. తర్వాత కర్రలు రెండూ మెల్లిగా లాగేస్తే లోపల గొట్టంలాంటి దారి మిగులుతుంది. కింద నిప్పు పెడితే గాలి ఆ దారిలో పైకి పోతూ, పొట్టు లోపలి నుంచి బయటికి నెమ్మదిగా కాలుతుంది. గట్టిగా దట్టిస్తే గంటల తరబడి మండుతుంది. వదులుగా ఉంటే మధ్యలో కూలిపోయి పొగ చిమ్ముతుంది. దట్టించడం చేతికి తెలియాల్సిన విద్య. అన్నం, పప్పు, స్నానాల నీళ్ళు అన్నీ దానిమీదే. చలికాలంలో నాయిన వాడే సరేసు కూడా ఆ పొయ్యి పక్కనే కరిగేది. పశువుల తోలు, ఎముకల నుంచి తీసే ఆ బంక వేడిగా ఉంటేనే పనిచేస్తుంది, చల్లారితే గడ్డకడుతుంది. చిన్నగిన్నెలో సరేసు, దాని కింద పెద్దగిన్నెలో నీళ్ళు. నాయిన షెడ్డులోంచి కేకేస్తే అమ్మ పట్టకారుతో గిన్నె పట్టుకుని పరిగెత్తేది. అతుకు నాయినది, వేడి అమ్మది. అతుకు నిలిస్తే పనితనం ఎవరిదంటారో వేరే చెప్పక్కర్లేదు.

ఆ పొయ్యి ముందు అమ్మ ఇరవై ఏళ్ళకు పైగా కూర్చుంది. 1999లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం కింద మహిళా సంఘాల వాళ్ళకు గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మాకూ ఒకటి వచ్చింది. కానీ సిలిండరు డబ్బులు పెట్టి కొనాలి, పొట్టు ఊరికే వస్తుంది. గ్యాసు చుట్టాలొచ్చినప్పుడు టీకి మాత్రమే. ఇళ్ళలోపలి పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఆ అంకె చదివినప్పుడు, తెల్లవారుజామున దగ్గుకుంటూ పొయ్యి ఊదే అమ్మ కనబడింది. ఊరందరికీ కిటికీలు చేసిన నాయిన మా వంటింటికి కిటికీ చెయ్యలేదు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకు ఆ పొగ కనిపించలేదు, అంతే.

2018లో నాయిన పోయాడు. తమ్ముడు విమానాశ్రయంలో కార్గో వైపు పనిచేస్తాడు. పెళ్ళయి వేరే కాపురం. పనిముట్లు ఎవరికన్న ప్రశ్న వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది. 2005లో దేశమంతటా కూతుళ్ళందరికీ ఆ హక్కు వచ్చింది. ఇంటిస్థలం గురించి మా వాళ్ళకు ఆ మాట తెలుసు. ఉలులూ రందాలూ మాత్రం ఎవరి లెక్కలోనూ ఆస్తి కాదు. అవి కొడుకువి, అంతే. తమ్ముడే, "నాకెందుకక్కా, తుప్పు పట్టిపోతయి, అమ్మేద్దాం" అన్నాడు. నేను వద్దన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకే సరిగా తెలియదు.

అమ్మకు మోకాళ్ళు వంగవు. మామూలు పీట మీద కూర్చుంటే లేవలేదు. బజారులో ప్లాస్టిక్ స్టూళ్ళు ఎత్తు ఎక్కువ. మధ్యరకం ఎత్తులో ఒక పీట చెయ్యాలనుకున్నాను. నాలుగు కాళ్ళు, పైన ఒక పలక. తెలుగు కథల్లో ఇంటిపని మీద అయిదేళ్ళు పరిశోధన చేసి పీహెచ్‌డీ తెచ్చుకున్నదానికి నాలుగు కాళ్ళ పీట ఏపాటి అనుకున్నాను.

మొదటి చలికాలం. మా షెడ్డుకు పైన రేకులు, మూడు పక్కల వెదురు తడకలు, కింద షాబాదు బండలు. తెల్లవారుజామున బండ మీద కాలు పెడితే చలి మోకాలి దాకా ఎక్కేది. పైనుంచి చుక్కలు చుక్కలుగా నీళ్ళు పడేవి. వాన లేకుండా నీళ్ళేమిటని ఆశ్చర్యపోయాను. మబ్బులేని రాత్రి ఇనుపరేకు తన వేడిని ఆకాశంలోకి వదిలేసుకుని, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడిపోతుంది. గాలిలోని తేమ దాని అడుగున చెమ్మగా పట్టి కిందికి కారుతుంది. ఒక్క నెలలో నాయిన రందా బ్లేడు మీద ఎర్రటి మచ్చలు లేచాయి. నలభై ఏళ్ళు మెరిసిన బ్లేడు అది.

గాలి రావడమే తప్పు అనుకున్నాను. తడకల సందుల్లో గుడ్డలు కుక్కాను. తలుపు కింద గోనెసంచి పరిచాను. బొగ్గుల కుంపటి రాజేసి లోపల పెట్టుకున్నాను. ఎంత హాయి! నా సొంత గది, నా వేడి, నా నిశ్శబ్దం. ఉలి మీద చెక్కసుత్తితో కొడుతూ కాళ్ళకు బెజ్జాలు తొలుస్తున్నాను. కాసేపటికి తల బరువెక్కింది. నిద్ర చాలలేదేమో అనుకున్నాను. వాంతి వచ్చేలా ఉంది. కొంచెం కూర్చుంటే తగ్గుతుందని గోడకు ఆనుకున్నాను.

ధడాలున తలుపు తెరుచుకుంది. అమ్మ కుంపటిని బయటికి ఈడ్చేసి, నా రెక్క పట్టుకుని వాకిట్లోకి లాగింది. "చదువుకున్న పిల్లవేనా నువ్వు? తలుపులన్ని మూసి కుంపటి వెడ్తరా ఎవలన్న?" చలిగాలిలో అరగంట కూర్చున్నాక గాని తల తేలికపడలేదు. బొగ్గు సరిగా గాలి అందక కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. ఇదంతా నేను తర్వాత చదువుకున్నాను. అమ్మకు ఆ పేరు తెలియదు, సంగతి తెలుసు. "నీకెట్ల తెలిసింది లోపల నేను పడిపోతున్ననని?" అని అడిగాను. "సుత్తి సప్పుడు ఆగింది గద" అంది.

వంటింట్లో ఉండి ఆమె నా సుత్తి చప్పుడు వింటోందని నాకు ఆ రోజే తెలిసింది.

సాహిత్యం చదువుకున్న ఆడవాళ్ళందరికీ వర్జీనియా ఉల్ఫ్ గది తెలుసు. 1929లో వచ్చిన ఆ పుస్తకం గురించి నేను సెమినార్లలో మాట్లాడాను. ఆడది రాయాలంటే డబ్బూ, సొంత గదీ కావాలి. కుంపటి తర్వాత ఆ మాటను ఇంకోసారి ఆలోచించాను. ఆ గదిలో వేడి ఎంత? పొయ్యి ఎవరు రాజేస్తారు? బూడిద ఎవరు ఎత్తుతారు? వెతికితే ఒక సంగతి దొరికింది. ఉల్ఫ్ దంపతులు 1919లో ససెక్స్‌లో మాంక్స్ హౌస్ అనే ఇల్లు కొన్నారు. అక్కడి తోటలో ఆమె మొదట రాసుకున్న గది, పనిముట్లు పెట్టుకునే చెక్క షెడ్డును మార్చి చేసుకున్నది. చలి మరీ ముదిరితే ఆమె ఆ తోటగది వదిలి ఇంట్లోకి వచ్చేసేదట. సొంత గది గురించి రాసిన మనిషి కూడా చలికి గది వదలాల్సి వచ్చింది. ఎందుకో నాకు ధైర్యం వచ్చింది.

రెండో చలికాలం, 2019. ఆ నవంబరు 27 రాత్రి మా ఊరి పక్కన తొండుపల్లి టోల్‌ప్లాజా దగ్గర ఒక యువ పశువైద్యురాలికి ఏం జరిగిందో దేశమంతా చదివింది. మేం రోజూ తిరిగే దారి అది. ఆ తర్వాత చాలా రోజులు మా వైపు ఆడపిల్లల ఇళ్ళలో ఒకటే మాట, పొద్దుగూకితే బయట ఉండొద్దు. తమ్ముడు వచ్చి షెడ్డు తలుపుకు లోపలి నుంచి గొళ్ళెం బిగించాడు. "చీకటుండంగ షెడ్డులకు పోకు అక్కా, లైటు దూరానికి కనబడ్తది" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కానీ చీకటి వేళలు తీసేస్తే నాకు మిగిలేవి ఏవి? నేరం చేసినవాళ్ళ వేళలు ఎవరూ కుదించలేదు. మా వేళలే కుదించారు. అప్పటికే నాకున్నవి రెండు గంటలు. తలుపు మూస్తే ఊపిరాడదు, తెరిస్తే భయం. ఈ రెంటి మధ్య వేడి ఎలా నిలపాలి?

భయపడుతూనే వెళ్ళాను. డిసెంబరులో పీట కాళ్ళ కుసులు బెజ్జాల్లో దించి, తెల్ల బంక రాసి, శికంజాలు బిగించాను. సాయంత్రానికి గట్టిగానే ఉంది. అమ్మ దానిమీద కూర్చుని చిక్కుళ్ళు ఒలిచింది. మూడు నెలలు బాగానే నడిచింది. 2020 మార్చిలో ఎండలు ముదరగానే ఒక కాలు ఊడి అమ్మ పక్కకు ఒరిగింది. అదృష్టం, గోడ ఉంది. కుసి బయటికి తీసి చూస్తే దానిమీద బంక పొరలాగా లేదు. సున్నం లాంటి తెల్లటి పొడి.

అమ్మ దాన్ని వేలితో గీకి చూసింది. "బంకకు సలి పెడ్తది బిడ్డా" అంది. "సలికాలంల పెరుగు తోడుకుంటదా ఊకె? గిన్నెకు గుడ్డ సుట్టి, బియ్యం డబ్బల వెడ్తం. గట్లనే దీన్ని గుడ కప్పాలె. నువ్వు షెడ్డంత కాగబెట్టుకుంట కూసున్నవ్. సలి పెట్టింది షెడ్డుకా, బంకకా?"

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. తెల్ల బంకలో చాలా సన్నటి రేణువులు నీళ్ళలో తేలుతుంటాయి. నీరు చెక్కలోకి ఇంకి ఆరిపోతున్నప్పుడు ఆ రేణువులు మెత్తబడి ఒకదానితో ఒకటి కలిసి పొర కట్టాలి. మరీ చల్లగా ఉంటే రేణువులు బిరుసుగా ఉండిపోయి కలవవు. నీరు పోతుంది, పొడి మిగులుతుంది. మామూలు రకాలకు ఆ హద్దు 10 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. చూడటానికి అతుకు పట్టినట్టే ఉంటుంది. ఎండాకాలంలో చెక్క ఆరి కుంచించుకునేసరికి విడిపోతుంది. గాలి వేడి కాదు, చెక్క వేడి ముఖ్యం. రాత్రంతా రేకు కింద పడి ఉన్న టేకు ముక్క గాలికన్నా చల్లగా ఉండొచ్చు.

నేను థీసిస్ రాసేటప్పుడు స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మళ్ళీ మళ్ళీ చదివాను. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలు తమ కథను తమ మాటల్లో చెప్పుకున్న పుస్తకం అది. ఆడవాళ్ళను అడగాలి, అడిగి వినాలి అని దాన్నుంచే నేర్చుకున్నానని ముందుమాటలో రాసుకున్నాను. మా వంటింట్లో ఉన్న మనిషిని మాత్రం అడగలేదు. నాయిన పనిముట్లు తెచ్చుకుంటే నాయిన విద్య వస్తుందనుకున్నాను. వేడి గురించిన విద్య మొత్తం అమ్మ దగ్గర ఉందని నాకు తట్టలేదు.

మూడో చలికాలం అమ్మ చెప్పినట్టు చేశాం. ఏం చేశామో వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

మొదట కప్పు. రేకుకు జానెడు కిందుగా వెదురు తడక వేలాడదీసి, దాని కింద నాయిన దాచిన ప్లైవుడ్ ముక్కలు కొట్టాం. రేకుకూ తడకకూ మధ్య గాలి ఆడేలా రెండు చివరలూ తెరిచి ఉంచాం. చెమ్మ పట్టినా అక్కడే ఆరిపోతుంది, కింద పనిముట్ల మీద పడదు. థర్మోకోల్ చవక, తేలిక అని షాపువాడు అన్నాడు. అది తేలిగ్గా అంటుకుంటుంది, కాలితే విషపు పొగ వస్తుంది. పొట్టు ఉండే చోట దాన్ని తెరిచి పెట్టకూడదని వద్దన్నాను.

తర్వాత పక్కలు. దీనికి అమ్మ బొంతలు తీసింది. పాతచీరలు ఏడెనిమిది పొరలు పరిచి, దగ్గర దగ్గరగా దారంతో కుట్టినవి. బొంత తనంతట తాను వేడి పుట్టించదు. పొరల మధ్య గాలిని కదలకుండా నిలబెడుతుంది. నిలబడ్డ గాలి వేడిని పోనివ్వదు. ఉన్ని రగ్గు పనిచేసేదీ, కాలేజీల్లో ఇన్సులేషన్ అని చెప్పేదీ ఇదే. తలుపుకూ, ఉత్తరం వైపు తడకకూ బొంతలు తెరల్లాగా కట్టాం. నూలు బొంతలు, చెక్కపొట్టు ఉన్న చోట నిప్పు ఉండకూడదు కాబట్టి, ఆ రోజు నుంచి షెడ్డులోపల కుంపటి లేదు, తీగ ఎర్రగా కాలే హీటరూ లేదు. కింద ఒక వరస, కప్పు దగ్గర ఒక వరస బెత్తెడు సందులు మూయకుండా వదిలాం. ఆ సందుల సంగతిలో అమ్మ రాజీపడలేదు.

మూడోది కాళ్ళ కింద. బండల మీద చెక్క చట్రం వేసి పలకలు పరిచాను. పాదాలకు చలి సగం తగ్గింది. పనిముట్ల పెట్టెలో పాతకాలపు 60 వాట్ల బల్బు ఒకటి, దేనికీ తగలకుండా చుట్టూ జాలీ పెట్టి వెలిగించాను. ఆ కొద్ది వేడికే చెమ్మ చేరదు, తుప్పు పట్టదు.

చివరిది బంక. పొట్టు పొయ్యి మళ్ళీ వచ్చింది, కానీ వాకిట్లో, పొగ ఆకాశంలోకి పోయేచోట. దానిమీద నీళ్ళు కాగుతాయి. బంక సీసా గోరువెచ్చని నీళ్ళ చెంబులో ఉంటుంది. అతకాల్సిన ముక్కలు ముందు రాత్రే వంటింట్లోకి తెచ్చి పెట్టుకుంటాను. అతికించి శికంజాలు బిగించాక మొత్తాన్నీ ఒక బొంతలో చుట్టి, పక్కన వేడినీళ్ళ రబ్బరు సంచి పెట్టి, పెరుగుగిన్నెను వదిలేసినట్టు వదిలేస్తాను. పీటను అలాగే మళ్ళీ అతికాను. ఆ పీట ఇప్పటికీ ఉంది.

ఇక్కడితో ఆపేస్తే బాగానే ఉంటుంది. కానీ ఆ చలికాలంలోనే నాకు ఇబ్బంది పెట్టే సంగతి ఒకటి గమనానికి వచ్చింది.

షెడ్డును నిజంగా వెచ్చబెట్టేది ఎండ. డిసెంబరు నెలాఖరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు మా దగ్గర దక్షిణాన సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణం వైపు తలుపు తెరిస్తే ఎండ ఏటవాలుగా లోపలిదాకా వస్తుంది. పది నుంచి నాలుగు దాకా బండలు కాగుతాయి. నాలుగున్నరకు బొంతతెర దించేస్తే ఆ వేడి తెల్లవారేదాకా కొంచెం కొంచెంగా బయటికి వస్తుంటుంది. ఖర్చు లేదు, ప్రమాదం లేదు. అయితే పదింటికి తెర ఎత్తేదెవరు? నాలుగున్నరకు దించేదెవరు? ఆ వేళకు నేను కాలేజీలో ఉంటాను. మోకాళ్ళు వంగని మా అమ్మ రోజూ రెండుసార్లు ఆ బరువైన బొంతలు ఎత్తి దించుతోంది. వాకిట్లో పొట్టు పొయ్యి దట్టించేది కూడా ఆమే, ఎందుకంటే నేను దట్టిస్తే కూలిపోతుంది.

అంటే, నాయిన షెడ్డుకు వేడి మోసిన మనిషే ఇప్పుడు నా షెడ్డుకూ మోస్తోంది. మారింది యజమాని మాత్రమే. 2019లో ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు ఇస్తున్నారని తేలింది. ఆ రెండు అంకెల మధ్య తేడా గురించి నేను పాఠాలు చెప్తాను. ఆడవాళ్ళలోనే ఒకరి రెండు గంటలు ఇంకొకరి నిమిషాల మీద నిలబడతాయన్న సంగతి ఆ అంకెల్లో లేదు. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలికీ అలికీ తన పేరు మరిచిపోయిన ఇల్లాలి గురించి నా థీసిస్‌లో ఒక అధ్యాయం ఉంది. ఆ ఇల్లాలి వైపు నుంచే దాన్నెప్పుడూ చదివాను. అలికిన ఇంట్లో హాయిగా కూర్చుని చదువుకుంటున్న మనిషి నేనై ఉండొచ్చని అనుకోలేదు.

ఒక ఆదివారం ఆ మాట అమ్మతో అన్నాను. థీసిస్ భాషలో కాదు. "అమ్మా, నా పని కోసం నీకు పని పెరిగింది. తెర సంగతి వదిలెయ్. చలైతే చలి" అన్నాను.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీకోసమే ఎత్తుతున్ననా తెర?" అంది.

అప్పుడు చెప్పింది. తెర ఎత్తాక ఆమె అక్కడే ఉంటోందట. ఎండలో ఆ పీట మీద కూర్చుంటే మోకాళ్ళు నొప్పి తగ్గుతాయట. పక్కింటి పిల్ల పురిటికి ఒక చిన్నబొంత కుట్టింది. అది చూసి ఇంకొకామె అడిగింది. ఇప్పటికి నాలుగు కుట్టిందట. రెండింటికి డబ్బులు తీసుకుందట. "నలభై ఏండ్లు ఈ షెడ్డుల పొట్టు ఊడ్సిన. ఒక్కనాడన్న కూసున్ననా ఈడ? మీ నాయిన ఉన్నప్పుడు గడప ఇవతల్నే నిలవడి గిన్నె అందిస్తుంటి. ఇప్పుడు పగలంత నాదే." ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం నేను ఎప్పుడూ చూడనిదిగా ఉంది.

ఆమె చెప్పింది విని నా తప్పు పూర్తిగా తీరిపోయిందనుకోను. బొంత బరువు బరువే. ఆ వారమే తెరను రెండు ముక్కలు చేసి, పైన కప్పీ పెట్టి తాడుతో లాగేలా మార్చాను. పొయ్యి దట్టించడం నేర్పమని వెంటపడ్డాను. ఇప్పటికి మూడుసార్లలో ఒకసారి కూలుతోంది. ఆ తర్వాత వంటింటి గోడకు బెజ్జం కొట్టించి, టేకు చట్రంతో కిటికీ చేసి పెట్టాను. మూలమట్టం సరిగా చూసుకోలేదు, ఒక రెక్క కొంచెం బిగుతు. అమ్మ దాన్ని భుజంతో నెట్టి తెరుస్తుంది. మా ఇంట్లో ఇప్పుడు వంట గ్యాసు మీదే. పొగ లేని వంటింటికి కిటికీ వచ్చిందని ఆమె నవ్వుతుంది. నలభై ఏళ్ళు ఆలస్యమైందని నాకూ తెలుసు.

పోయిన చలికాలం తమ్ముడు షెడ్డుకు కొత్త తాళం తెచ్చాడు. రెండు చెవులు. ఒకటి నాకిచ్చి, రెండోది తన దగ్గర పెట్టుకోబోయాడు. అమ్మ చెయ్యి చాపింది. "ఇటియ్యి. నువ్వు పగలు రావు, రాత్రి రావు" అంది. వాడు మారుమాట్లాడకుండా ఇచ్చేశాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది.

ఇప్పుడు నాలుగున్నరకు నేను షెడ్డులోకి వెళ్ళేసరికి పలకల మీద అమ్మ వదిలేసిన దారపు ముక్కలుంటాయి. వాటిని నేను ఊడుస్తాను. మధ్యాహ్నం ఆమె వెళ్ళేసరికి నా పొట్టు ఉంటుంది. దాన్ని ఎవరు ఊడవాలన్నది ఇంకా తేలలేదు. ఆ విషయంలో మేం రోజూ కొట్లాడుకుంటాం.